ఎనిమిది వారాల జ్వరం, టీబీ మందులకు సగమే తగ్గింది: ఇంకేం అడగాలి?

వార్డు_డైరీ | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను, రెండో ఏడాది. పేషెంటును ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. జబ్బుకు సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నలభై దాటిన మనిషి, వ్యాన్ డ్రైవరు. షుగర్ లేదు, హెచ్‌ఐవీ నెగెటివ్. మా దగ్గరికి వచ్చేనాటికి ఐదు వారాలుగా జ్వరం. పగలు పర్వాలేదు, సాయంత్రానికి పెరుగుతుంది, రాత్రి దుప్పటి తడిసిపోయేంత చెమట. 6 కిలోలు తగ్గాడు. నడుము నొప్పితో వంగలేకపోతున్నాడు. ప్లీహం చేతికి తగులుతోంది. తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి, లివర్ ఎంజైములు రెట్టింపు. బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) ఐదు రోజులు ఉంచి నెగెటివ్ అన్నారు. ఎమ్మారైలో నాలుగో లంబార్ (నడుము) వెన్నుపూస దగ్గర మార్పులు కనిపించాయి, రిపోర్టులో 'టీబీ కావచ్చు' అని రాశారు. బయాప్సీలో గ్రాన్యులోమాలు (టీబీలో తరచూ కనిపించే కణాల ముద్దలు) ఉన్నాయి. టీబీ క్రిములు కనబడలేదు, టీబీ జన్యువును వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష కూడా నెగెటివ్.

టీబీ మందులు మొదలుపెట్టాం. పది రోజుల్లో జ్వరం బాగా తగ్గింది, మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు మూడో వారం. జ్వరం మళ్లీ వచ్చింది. దానికి తోడు కుడి వృషణం వాచి నొప్పి పుడుతోంది. నాతో చెప్పడానికి సిగ్గుపడి నాలుగు రోజులు దాచాడు, నిన్న మా ఇంటర్న్ కుర్రాడితో చెప్పాడు.

మందులకు లొంగని టీబీ అంటున్నారు యూనిట్‌లో. నాకేమో మనసు ఒప్పుకోవడం లేదు. అలాగని దేని కోసం వెతకాలో కూడా తెలియడం లేదు. మీరైతే ఇంకేం అడుగుతారు?

పాత_రౌండ్స్ | సోమవారం, రాత్రి 11:25

అమ్మా, బాగా రాశావు. ముందు ఒక్క సంగతి: 'మందులకు తగ్గింది కాబట్టి టీబీయే' అనే లెక్కను పక్కన పెట్టు. రిఫాంపిసిన్ ఒక్క టీబీ మీదే పనిచేసే మందు కాదు. పశువుల నుంచి మనుషులకు అంటి బ్రూసెల్లోసిస్ జబ్బు తెచ్చే బ్రూసెల్లా అనే బాక్టీరియా మీదా పనిచేస్తుంది. స్ట్రెప్టోమైసిన్ కూడా అంతే. బ్రూసెల్లోసిస్ ఉన్నవాడికి టీబీ మందులు ఇస్తే కొన్నాళ్లు తేరుకుంటాడు, మనకు నమ్మకం కుదురుతుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఇలా మూడు నెలలు పోగొట్టుకున్న పేషెంటును నేను చూశాను. ఆ మూడు నెలలూ మందు రాసింది నేనే.

నువ్వు చెప్పినవి ఒక వరసలో పెట్టి చూడు. చెమటలు, తగ్గుతూ పెరుగుతూ ఉండే జ్వరం, ప్లీహం, నడుము కింది భాగం, ఇప్పుడు వృషణం. ఒక్కోదానికి వంద కారణాలుంటాయి. అన్నీ ఒకే మనిషిలో కనిపిస్తే జాబితా చాలా చిన్నదైపోతుంది.

రేపు వెళ్లి అతనితో అరగంట కూర్చో. 'పశువులున్నాయా?' అని మాత్రం అడగకు. 'లేవు' అంటాడు, అది నిజమే కావచ్చు. వ్యాన్‌లో ఏం వేస్తాడో అడుగు. పోయిన ఆరు నెలల్లో ఎక్కడెక్కడ పడుకున్నాడో, పచ్చి పాలు గానీ కాచని పాలతో చేసినవి గానీ ఏమైనా తీసుకున్నాడో అడుగు. ఇంట్లోవాళ్లలో, కూడా పనిచేసేవాళ్లలో ఇంకెవరికైనా ఇలాంటి జ్వరం వచ్చిందేమో కనుక్కో.

ఈ జబ్బు చరిత్రలోనే ఒక పాఠం ఉంది. మాల్టాలో చనిపోయిన సైనికుడి ప్లీహం నుంచి డేవిడ్ బ్రూస్ ఈ క్రిమిని బయటికి తీసింది 1887లో. అది మనుషుల్లోకి ఎక్కడి నుంచి వస్తోందో తెలియడానికి 1905 దాకా పట్టింది. థెమిస్టోక్లిస్ జమిత్ మేకల రక్తం పరీక్షిస్తే బయటపడింది. అన్నేళ్లూ ఎవరూ మేకలను అనుమానించలేదు, ఎందుకంటే అవి చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాయి.

జన్యు_పాఠకుడు | మంగళవారం, ఉదయం 7:10

సర్ మాట కాదనను. కానీ ఒక్కో జబ్బునూ ఊహిస్తూ కూర్చునే బదులు అన్నీ ఒకేసారి పంపితే పోదా? బ్రూసెల్లా, స్క్రబ్ టైఫస్, లెప్టో, క్యూ ఫీవర్, బార్టోనెల్లా, ఫంగస్ యాంటిజెన్లు, ఏదో ఒకటి దొరుకుతుంది. అప్పటికీ దొరక్కపోతే మెటాజీనోమిక్ సీక్వెన్సింగ్ ఉంది, శాంపిల్‌లో ఉన్న జన్యుపదార్థం మొత్తం చదివి ఏ క్రిమిదో చెబుతుంది. మెదడు వాపుతో నెలల తరబడి బాధపడ్డ 14 ఏళ్ల అబ్బాయికి వెన్ను నీటిని సీక్వెన్సింగ్ చేసి లెప్టోస్పైరా అనే బాక్టీరియా అని పట్టుకున్నారు, 2014లో ప్రచురించారు. పెన్సిలిన్‌తో కోలుకున్నాడు. ఎవరూ ఊహించనిది మిషన్ పట్టుకుంది కదా.

కల్చర్_ప్లేటు | మంగళవారం, ఉదయం 8:35

మైక్రోబయాలజీ నుంచి. ఆ కేసు గొప్పదే, నేను పాఠం చెప్పేటప్పుడు వాడుకుంటాను. కానీ 'అన్నీ పంపేద్దాం' అన్నదానికి ఒప్పుకోను.

లెక్క చూడండి. వెయ్యి మందిలో పది మందికి ఒక జబ్బు ఉందనుకుందాం. జబ్బున్నవాళ్లలో నూటికి 95 మందిని పట్టుకుని, లేనివాళ్లలో నూటికి 95 మందిని సరిగ్గా వదిలేసే పరీక్ష మన దగ్గర ఉంది. మంచి పరీక్షే. ఆ పది మందిలో తొమ్మిది, పది మంది దొరుకుతారు. మిగతా 990 మంది ఆరోగ్యవంతుల్లో కూడా దాదాపు 50 మందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి ఆరుగురిలో ఐదుగురికి ఆ జబ్బు లేదు. ఇలాంటి పరీక్షలు పది కలిపి పంపితే, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా నూటికి దాదాపు 40 మందికి ఏదో ఒకటి పాజిటివ్ వస్తుంది. తర్వాత ఆ కాగితం పట్టుకుని వైద్యం నడుస్తుంది. అదే పరీక్షను సరైన అనుమానంతో, వందలో ముప్పై మందికైనా జబ్బు ఉండేలాంటి పేషెంట్లకు చేస్తే పాజిటివ్‌కు నిజంగా విలువ వస్తుంది. మొదటి పోస్టులో చెప్పిన వృషణం వాపు అలాంటి అనుమానం ఇస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట, దయచేసి అందరూ చదవండి. బ్రూసెల్లా అని అనుమానం వస్తే శాంపిల్ పంపే ముందే ల్యాబ్‌కు ఫోన్ చేయండి. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు పని వల్ల అంటుకునే బాక్టీరియా జబ్బుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. నేను పనిచేసిన ఒక చోట చీటీ మీద 'జ్వరం' అని ఒక్క మాట రాసి పంపారు. మా వాళ్లు ప్లేటును మామూలు బల్ల మీదే తెరిచారు. సన్నని ఇసుక రేణువుల్లాంటి గ్రామ్ నెగెటివ్ క్రిములు కనిపించి, యూరియేజ్ అనే గుర్తింపు పరీక్ష నిమిషాల్లో పాజిటివ్ అయ్యాక గానీ అర్థం కాలేదు. ఇద్దరు టెక్నీషియన్లు మూడు వారాలు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ మింగారు. ఆరు నెలల పాటు రక్తపరీక్షలు చేయించుకుంటూ గడిపారు. ఒకామె అప్పటికి బిడ్డకు పాలిస్తోంది. ఆ టెన్షన్ నేను మరిచిపోలేను. ముందే తెలిసి ఉంటే సేఫ్టీ క్యాబినెట్‌లో తెరిచేవాళ్లం, అంతే.

బ్లడ్ కల్చర్ బాటిళ్ల సంగతి కూడా చెబుతాను. ఆటోమేటెడ్ మిషన్లలో బ్రూసెల్లా చాలావరకు వారం లోపే పెరుగుతుంది, కానీ ఐదో రోజుకు తీసేస్తే కొన్ని తప్పిపోతాయి. ఎక్కువ రోజులు ఉంచమని అడిగితే ఉంచుతాం. అడగనిదే మాకు తెలియదు.

సినిమా_కాదు_ఫిల్మ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

రేడియాలజీ. ఎమ్మారై ఫిల్మ్ మళ్లీ చూపించుకోండి, ఈసారి చరిత్ర మొత్తం చెప్పి. టీబీ అయితే ఎక్కువగా వీపు భాగంలో, వీపూ నడుమూ కలిసే చోట కనిపిస్తుంది. పూస కూలిపోతుంది, పక్కన పెద్ద చీముగడ్డలు కడతాయి. బ్రూసెల్లా నాలుగు, ఐదు లంబార్ పూసలను ఎక్కువ ఇష్టపడుతుంది. పూస పై అంచు ముందు మూలలో మొదలవుతుంది, లోపల ఎంత వాపున్నా పూస ఆకారం చాలాకాలం నిలబడే ఉంటుంది. దీన్ని బట్టి తీర్పు చెప్పేయలేం, రెండూ ఒకదానిలా ఒకటి కనిపించగలవు. కానీ 'డ్రైవరు, నడుము నొప్పి' అని రాసి పంపితే నేనూ 'టీబీ కావచ్చు' అనే రాసేవాణ్ని.

నాలుగో_వార్డు_సిస్టర్ | మంగళవారం, సాయంత్రం 6:50

డాక్టర్లు మాట్లాడుకునే చోట నేను రాయొచ్చో లేదో. ఇరవై ఏళ్లుగా వార్డులో నర్సుగా ఉన్నాను.

పేషెంటును పూర్తిగా చూడండి అని చెప్పాలనిపించింది. ఒకావిడ పది రోజుల జ్వరంతో, ఆయాసంతో వచ్చింది. ఇంజక్షన్లు మారుస్తున్నారు, తగ్గడం లేదు. నేను ఒళ్లు తుడుస్తుంటే రొమ్ము కింది మడతలో నల్లటి పెచ్చు కట్టిన చిన్న మచ్చ కనబడింది, సిగరెట్‌తో కాల్చినట్టు. నొప్పి లేదు, దురద లేదు, ఆమెకే తెలియదు. డాక్టర్ గారిని పిలిచి చూపించాను. స్క్రబ్ టైఫస్ అన్నారు, నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం. డాక్సీసైక్లిన్ పెట్టిన రెండో రోజుకి జ్వరం దిగింది.

అప్పటి నుంచి అంతుపట్టని జ్వరం అంటే చంకలు, గజ్జలు, చెవుల వెనక, తలలో జుట్టు కింద, అన్నీ నేనే చూస్తాను. ఆడవాళ్లు డాక్టరుకు చూపించడానికి మొహమాటపడతారు, మగవాళ్లూ అంతే. మీ పేషెంట్ నాలుగు రోజులు దాచాడని రాశారు కదా, అందుకే చెబుతున్నాను.

పాత_రౌండ్స్ | మంగళవారం, రాత్రి 9:05

సిస్టర్ గారూ, రాయొచ్చా అని అడగకండి, రాయాల్సిందే. ఆ మచ్చ దొరకడం ఎంత పెద్ద విషయమో చిన్నవాళ్లకు చెబుతున్నాను: స్క్రబ్ టైఫస్‌కు చేసే ఐజీఎం (యాంటీబాడీ పరీక్ష) మొదటి ఐదారు రోజుల్లో నెగెటివ్ రావచ్చు. వైల్ ఫెలిక్స్ అనే పాత రక్తపరీక్ష అయితే చాలామందిని వదిలేస్తుంది. మనం మొదట ఎత్తుకునే పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులేవీ దాని మీద పనిచేయవు. మచ్చ కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టొచ్చు. ఆ పెచ్చు నుంచే పీసీఆర్ కూడా చేయొచ్చు.

రాత్రి_డ్యూటీ | మంగళవారం, రాత్రి 11:50

ఈ చర్చ చూశాక నాదీ ఒకటి రాయకుండా ఉండలేకపోతున్నాను.

షుగర్ అదుపులో లేని రైతు. వానలు మొదలైన నెలకు వచ్చాడు. ఊపిరితిత్తుల్లో గడ్డలు, ప్లీహంలో చిన్నచిన్న చీముగడ్డలు. టీబీ అనుకున్నాం. కఫం కల్చర్‌లో 'సూడోమోనాస్ జాతి' అని వచ్చింది, పైపైన పెరిగిందేమో అని పక్కన పెట్టాం. అతను తొమ్మిదో రోజు చనిపోయాడు. ఆ తర్వాత ఎవరో పాత రిపోర్టు తీసి చూపించారు: జెంటామైసిన్‌కు లొంగదు, కొలిస్టిన్‌కు లొంగదు, కో-అమాక్సిక్లావ్‌కు లొంగుతుంది. మామూలు సూడోమోనాస్ ఎరుజినోసా అలా ప్రవర్తించదు, కో-అమాక్సిక్లావ్ దాన్ని ఏమీ చేయలేదు. అది బర్ఖోల్డేరియా సూడోమలై, మట్టిలో నీళ్లలో ఉండే బాక్టీరియా. జబ్బు మెలియాయిడోసిస్. జవాబు మూడో రోజు నుంచే మా కేస్ షీట్‌లో ఉంది.

విట్‌మోర్ రంగూన్‌లో దీన్ని 1911లోనే గుర్తించాడు. 2016లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏడాదికి 1,65,000 మందికి వస్తుంది, 89,000 మంది చనిపోతారు. ఇన్ని వేల మందికి వచ్చేదాన్ని అరుదు అనవచ్చా? మనం గుర్తించడం అరుదు అనాలేమో. ఇప్పుడు షుగర్, చీముగడ్డలు, మట్టిలో నీళ్లలో పని, ఈ మూడూ కలిస్తే ల్యాబ్‌కు వెళ్లి 'ఆష్‌డౌన్ మీడియం మీద వేయండి' అని నేనే అడుగుతున్నాను, ఈ క్రిమిని పెంచి పట్టుకోవడానికి వాడేది అది.

కల్చర్_ప్లేటు | బుధవారం, ఉదయం 8:10

మీరొక్కరే కాదు, మా వైపూ తప్పుంది. ఆ మూడు మందుల ఫలితం చూసిన వెంటనే ల్యాబ్ నుంచి ఫోన్ రావాల్సింది. మిషన్ ఇచ్చిన పేరును అలాగే టైపు చేసి పంపకూడదు. బ్రూసెల్లా విషయంలోనూ ఇదే చిక్కు: కొన్ని మిషన్లు ఆక్రోబాక్ట్రం అనో, మొరాక్సెల్లా అనో వేరే బాక్టీరియా పేరు చూపిస్తాయి. పైగా 2020లో ఆక్రోబాక్ట్రంను కూడా బ్రూసెల్లా ప్రజాతిలో కలపాలని ప్రతిపాదించారు, దాంతో గందరగోళం ఇంకా పెరిగింది.

వార్డు_డైరీ | బుధవారం, మధ్యాహ్నం 2:30

అప్‌డేట్. పాత రౌండ్స్ సర్ చెప్పినట్టే కూర్చున్నాను. 'పశువులున్నాయా?' అని అడ్మిషన్ రోజు నేను అడిగాను, లేవన్నాడు, కేస్ షీట్‌లో నా చేతిరాతతోనే ఉంది. ఈసారి 'వ్యాన్‌లో ఏం వేస్తారు?' అన్నాను. గొర్రెలు. రెండేళ్లుగా గొర్రెలే. ఒక్కోసారి దారిలోనే ఈనుతాయట, తనే చేతులు పెట్టి పిల్లను లాగుతాడట. ఈ ఏడాది ఒక మందలో చాలా ఈసుకుపోయాయని (నెలలు నిండకుండానే గర్భం పోయిందని), మాయ, చచ్చిన పిల్లలను తనే ఎత్తి పారేశానని చెప్పాడు. చేతికి ఏమీ తొడుక్కోలేదు.

గొర్రెలు తనవి కావు కాబట్టి 'లేవు' అన్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు.

ల్యాబ్‌కు ఫోన్ చేశాను. బ్రూసెల్లా అగ్లూటినేషన్ (రక్తంలోని యాంటీబాడీలు క్రిములను గుంపు కట్టిస్తాయా అని చూసే పరీక్ష) పంపాం. గంట క్రితం రిపోర్టు వచ్చింది: నెగెటివ్. ఏం చేయాలో తోచడం లేదు.

కల్చర్_ప్లేటు | బుధవారం, మధ్యాహ్నం 2:52

ఆగండి. ఎంత డైల్యూషన్ దాకా, అంటే రక్తరసాన్ని ఎన్ని రెట్లు పలచన చేసి చూశారో అడగండి. 1:160 దగ్గర ఆపేసి ఉంటే అది నెగెటివ్ కాకపోవచ్చు. యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు మొదటి గొట్టాల్లో గుంపు కట్టవు, ఖాళీగా కనిపిస్తాయి. ఇంకా పలచన చేస్తే అప్పుడు కడతాయి. ప్రోజోన్ అంటాం. 1:1280 దాకా వెళ్లమనండి. బ్లడ్ కల్చర్ మళ్లీ తీయండి, ఎముక మజ్జ కల్చర్ కూడా పంపండి. రిఫాంపిసిన్ మీద ఉన్నాడు కాబట్టి రక్తం కంటే మజ్జలో దొరికే అవకాశం ఎక్కువ. చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

జన్యు_పాఠకుడు | బుధవారం, సాయంత్రం 5:20

గొర్రెల సంగతి చదివాక క్యూ ఫీవర్ కూడా గుర్తుకొచ్చింది. ఈనే గొర్రెల మాయలో ఆ జబ్బు తెచ్చే కాక్సియెల్లా క్రిమి విపరీతంగా ఉండొచ్చు, ఈసుకుపోవడానికి అదీ కారణమే. మామూలు కల్చర్‌లో పెరగదు, దానికి వేరే సీరాలజీ (యాంటీబాడీల రక్తపరీక్ష) పంపాలి. గుండె కవాటాల్లో దాక్కోగలదు కాబట్టి ఎకో (గుండె స్కాన్) కూడా చేయించండి. బ్రూసెల్లా అయినా ఎకో అవసరమే, ఆ జబ్బులో ప్రాణం తీసేది ఎక్కువగా ఎండోకార్డైటిసే (గుండె లోపలి పొరకు, కవాటాలకు ఇన్‌ఫెక్షన్).

నిన్న నేను అన్నీ పంపమన్నాను. ఇవాళ రెండే చెబుతున్నాను, ఎందుకు పంపాలో తెలిసి చెబుతున్నాను.

పాత_రౌండ్స్ | బుధవారం, రాత్రి 8:40

బాగా చెప్పావు బాబూ. క్యూ ఫీవర్ తప్పకుండా చూడాలి.

అంతుపట్టని జ్వరాల మీద పీటర్స్‌డార్ఫ్, బీసన్ 1961లో వంద మంది పేషెంట్లను వరసగా చూసి రాశారు. అందులో 36 మందికి ఇన్‌ఫెక్షన్లే. వాటిలో ఎక్కువ భాగం ఎవరికీ తెలియని జబ్బులు కావు, తెలిసినవే తెలియని వేషంలో వచ్చాయి. వార్డు డైరీ అమ్మాయి పేషెంటుదీ అలాంటిదేనని నా అనుమానం. రిజల్ట్ రాగానే రాయి అమ్మా.

మందుల_లెక్క | గురువారం, ఉదయం 9:00

ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ నుంచి, చిన్న హెచ్చరిక. వాపు తగ్గుతుందని స్టెరాయిడ్ జోలికి వెళ్లకండి. జ్వరం ఏమిటో తేలకముందు ఇచ్చిన స్టెరాయిడ్‌తో స్ట్రాంగిలాయిడిస్ పురుగు పేగుల నుంచి ఒళ్లంతా పాకి, దాంతోపాటు పేగు క్రిములను రక్తంలోకి మోసుకెళ్లిన కేసు నేను చూశాను. ఆ పేగు క్రిముల వల్ల మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రెండోసారి వచ్చాక గానీ మాకు తట్టలేదు. ఒంట్లో పురుగులుంటే పెరిగే తెల్లకణాలు, ఇసినోఫిల్స్, పెరగలేదు కదా అని నిశ్చింతగా ఉన్నాం. ఆ దశలో అవి పెరగకపోవచ్చు.

వార్డు_డైరీ | ఆదివారం, రాత్రి 9:15

1:160 దాకా నిజంగానే ఏమీ లేదు. 1:320 నుంచి మొదలై 1:1280 గొట్టంలో స్పష్టంగా గుంపు కట్టింది. మజ్జ బాటిల్ నాలుగో రోజు, అంటే ఇవాళ పొద్దున, మిషన్‌లో మోగింది. ల్యాబ్ మేడమ్ క్యాబినెట్‌లోనే తెరిచి, స్టెయిన్ చూసి, నాకు ఫోన్ చేశారు: చిన్న చిన్న గ్రామ్ నెగెటివ్ క్రిములు, యూరియేజ్ వెంటనే పాజిటివ్. ఏ జాతి అన్నది తేల్చడానికి రిఫరెన్స్ ల్యాబ్‌కు పంపుతున్నారు. ఎకో మామూలుగా ఉంది. క్యూ ఫీవర్ రిపోర్టు ఇంకా రాలేదు. టీబీ కల్చర్లో ఇప్పటిదాకా ఏమీ లేదు, దాన్ని పూర్తి గడువు దాకా చూస్తాం.

మందుల_లెక్క | ఆదివారం, రాత్రి 10:05

చాలా సంతోషం. వెన్నుపూసలో ఉంది కాబట్టి ఆరు వారాలు చాలవు. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కనీసం 12 వారాలు, మొదట్లో దానికి జెంటామైసిన్ కలపండి, కిడ్నీలు చూసుకుంటూ. జ్వరం తగ్గాక మందులు మానేస్తాడు, ఇందులో జబ్బు తిరగబెట్టడానికి పెద్ద కారణం అదే. ముందే కూర్చోబెట్టి చెప్పండి. ఇంట్లోవాళ్ల సంగతి కనుక్కున్నారా?

వార్డు_డైరీ | ఆదివారం, రాత్రి 10:30

కనుక్కున్నాను. అతని బట్టలు ఉతికేది భార్యే, వ్యాన్ కడిగేదీ ఆమే. నెల రోజులుగా కీళ్ల నొప్పులు, రాత్రిళ్లు చెమటలట. ఆయన జబ్బు గొడవలో తనది ఎవరికీ చెప్పలేదు. ఆ మంద యజమానితో రేపు మాట్లాడతాను, పశువైద్యులకు కూడా కబురు పంపాలి.

సాయంత్రమే ఆమెకు రక్తం తీశాం. తీసే ముందు ల్యాబ్‌కు ఫోన్ చేశాను. చీటీ మీద పెద్ద అక్షరాలతోనే రాశాను.